అడిక్‌మెట్ చెట్ల కింద నీలి పుట్టగొడుగు

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా మేడ మీది గదిలో ఒక అక్క కిరాయికి ఉండేది. తెలంగాణ పల్లె నుంచి వచ్చి వృక్షశాస్త్రం చదువుకునేది. కోస్తా నుంచి వచ్చిన మా ఇంట్లో పుట్టగొడుగును గడప తొక్కనిచ్చేవారు కాదు. ఆ అక్కకేమో అవంటే ప్రాణం.

ఒక వానాకాలం అడిక్‌మెట్ అవతలి చెట్లలో ఆమెకు ముదురు నీలం పుట్టగొడుగు కనిపించింది. అలాంటిది దట్టమైన అడవిలో తప్ప మొలవదని వాళ్ల సారు నవ్వేశారట. రెండేళ్లు వెతికితే మళ్లీ ఒక్కటే దొరికింది. ఆ ఆదివారం నన్నూ తీసుకెళ్లింది. కుళ్లిన ఆకుల మధ్య, తడి నీడలో, నా వేలంత ఎత్తున నిలబడి ఉంది. దగ్గర్లోనే ఉండే సారును పిలుచుకొస్తానని, కుక్కలు తొక్కకుండా నన్ను కాపలా పెట్టింది.

“జర ఇక్కడ్నే ఉండు. ముట్టకు,” అంది.

ముట్టకూడదనే అనుకున్నాను. కానీ మర్నాడు కృష్ణాష్టమి. కొత్త పువ్వు ఏది కనబడ్డా ముందు దేవుడికే అనేది మా అమ్మ. అది మా గడప తొక్కకూడనిదన్న సంగతే మరిచిపోయి, ఇంత నీలం కృష్ణుడికి కాక ఇంకెవరికని నా భక్తి పొంగిపోయింది. తెంపేశాను. జారిపోతుందేమోనని గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాను కూడా.

సారు రాగానే గర్వంగా గుప్పిలి తెరిచాను. నలిగి నల్లటి ముద్దైపోయింది. ఏదో కుళ్లిన కాడ అని ఆయన వెళ్లిపోయారు. నేను ఏడుస్తూ ఆ ముద్దను మట్టిలో నిలబెట్టబోయాను. ఎన్నిసార్లు పెట్టినా ఒరిగిపోయింది.

అక్క పక్కన కూర్చుని నా చేతులు పట్టుకుంది. “ఇగ అది నిలవడదు బిడ్డా. చిన్నపిల్లవు, నిన్ను ఒక్కదాన్నే ఇడ్సిపోయిన. తప్పు నాదే.”

తిట్టి ఉంటే ఆ పూటతో మరిచిపోయేదాన్నేమో.

తర్వాత వాన వెలిసినప్పుడల్లా ఇద్దరం వెళ్లాం. మట్టిలో వేళ్లలాంటి దాని సన్నని పోగులు బతికే ఉంటాయని, పైకి రావడం మాత్రం దాని ఇష్టమని చెప్పేది. అది రాలేదు. చదువు ముగించి, తను చూసిన సంగతి ఎవరిచేతా ఒప్పించలేకుండానే, అక్క ఊరెళ్లిపోయింది. నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

ఇప్పటికీ అందమైనదేదైనా కనబడితే నా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. మొన్న వాన వెలిశాక నారాయణగూడలో ఒక గోడవార మొలిచిన మామూలు తెల్ల పుట్టగొడుగు ముందు అలాగే నిలబడిపోయాను. ఏం చేస్తున్నావు అమ్మమ్మా అని అడిగింది మనవరాలు.

కాపలా ఉన్నానమ్మా అన్నాను.