ఓడలోంచి అడిగిన పేరు

మైపాడు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడకు ఎనభై దాటి ఉంటాయి. బురఖా మోకాళ్ల దాకా తడిసిపోయి ఉంది. వణుకుతుంటే నా తువ్వాలు ఇచ్చాను.

"సముద్రంలోకి దిగినారా అవ్వా?"

"మా అబ్బాను చూసేదానికి వచ్చినా నాయనా," అంది.

ఆమె తల్లి కడుపులో ఉండగానే తండ్రి సిపాయిగా రెండో ప్రపంచ యుద్ధానికి ఓడ ఎక్కాడట. ఓడ ఆగిన ప్రతి రేవులోనూ ఇంటికి జాబు వేశాడు. ఆ జాబులు ఆమెకు నోటికి వచ్చు. ఎటు చూసినా నీళ్లేననీ, తిన్నది ఇమడడం లేదనీ, ఇంటి చేపల పులుసు కలలోకి వస్తోందనీ రాశాడు. ప్రతి జాబు చివరా ఒకటే మాట: "బిడ్డ పుట్టిందా? పేరేం పెట్టినారు?"

"మా అమ్మ జవాబు రాయించింది నాయనా. అది చేరకముందే జరమొచ్చి ఓడలోనే పోయినాడు. సముద్రంలోనే వదిలేసినారంట. అమ్మ రాయించిన జాబు తిరిగొచ్చేసింది. అమ్మ ఉన్నన్నాళ్లూ నన్ను సముద్రం వైపుకే పోనీలేదు. ఆ తర్వాత నాకే ధైర్యం చాల్లేదు."

"మరి ఈరోజు?"

"నీళ్లలో నిలబడి నా పేరు చెప్పినా. అలల హోరులో వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా చెప్పినా."

నెల్లూరులో చెయ్యి పట్టుకుని దించాను. తువ్వాలు మడిచి ఇస్తూ అడిగింది.

"విని ఉంటాడా నాయనా?"

"విని ఉంటాడవ్వా."

తల ఊపి, ఆటోల వైపు మెల్లగా నడిచి వెళ్లిపోయింది. ఆమె పేరేమిటని నేను అడగలేదు.