జర ఆకులు ఊకోనీ

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను బచ్చన్నపేటలో చాయ్ తాగుతున్నాను. "ఇది గూడ నాటకమేనా?" అని నోటిదాకా వచ్చింది. ఒకరినొకరు ఆటపట్టించడం మామకూ నాకూ నా చిన్నప్పటి నుంచీ అలవాటు. అత్త ఏడుపు విని చాయ్ అక్కడే వదిలేశాను. నిద్రలోనే పోయాడట.

ఆయన మా అమ్మకు తమ్ముడు. కల్లు గీసేవాడు గానీ చుక్క ముట్టేవాడు కాదు. "గీసేటోడే తాగితే చెట్టెవడెక్కుతడు అల్లుడా?" అనేవాడు. నడుమునూ చెట్టునూ కలిపి మోకు చుట్టుకుని తాడిచెట్టెక్కి, పైన ఆ తాడు మీద వెనక్కి వాలితే మంచంలో ఒరిగినట్టే ఉండేది. కింద కల్లు పోయించుకునే తాటాకు రేకలు పట్టుకుని మేం మెడలు నొప్పి పుట్టేదాకా చూసేవాళ్లం.

ఒకరోజు కల్లు వంచుతూ వంచుతూ లొట్టి వదిలేసి కూలబడ్డాడు. ఒకటే వాంతులు. అందరికీ నవ్వే నవ్వు.

"ఇన్నేండ్లకు రుచి సూసిండు!" అంటూ ఒకాయన మజ్జిగ తెచ్చాడు.

నా నోరు ఊరుకుంటుందా? "ఏంది మామా, ఇయ్యాల చెట్టే నీ మీదికెక్కిందా?"

మామ రెండు చేతులతో గడ్డి పట్టుకున్నాడు. "నవ్వుర్రి గని, గీ భూమిని జర ఆపుర్రి."

ఎవరూ మళ్లీ నవ్వలేదు.

అది వస్తూ పోతూ ఉండేది. ముందు ఎడమ చెవిలో దూది కుక్కినట్టయ్యేది. తర్వాత హోరు. "గాలి లేదు గదరా, తాటాకులెందుకు గిట్ల కొట్టుకుంటున్నయ్?" అనేవాడు. తలెత్తి చూస్తే ఒక్క ఆకూ కదిలేది కాదు. ఆ తర్వాత భూమి తిరిగేది. అత్త ఎల్లమ్మకు కోడిని మొక్కింది. జనగామ దవాఖానలో డాక్టరమ్మ లోపలి చెవిలో నీరు పెరిగిందని, ఉప్పు తగ్గించమని, ఇక చెట్టెక్కొద్దని చెప్పింది. మామ ఉప్పు తగ్గించాడు. చెట్టు మాటెత్తితే మాత్రం ముఖం తిప్పుకునేవాడు.

పోనుపోను ఆ చెవికి మాటలు అందలేదు. అత్త గొంతెత్తి ఎడమ వైపు నుంచి తిట్టినా తిరిగి చూసేవాడు కాదు. "మీ మాటలు పోయినయ్ అల్లుడా, ఆకుల సప్పుడే ఉన్నది."

ఆయన చెట్లను ఇంకొకరు గీస్తున్నారు. అయినా పొద్దున్నే మోకు భుజాన వేసుకుని వెళ్లేవాడు. చెట్టు మొదట్లో మోకు చుట్టి, పాదాలు నేల మీదే ఆనించి, మెల్లగా వెనక్కి వాలేవాడు. అంతే. పైకి పోయేవాడు కాదు.

"గిదేం ఎక్కుడు మామా?"

"గిట్ల ఒరిగితే భూమి తిరిగినా పడనురా."

"మరి పైకెప్పుడు?"

"జర ఆకులు ఊకోనీ."

మామను మట్టి చేసి వస్తూ ఆ చెట్టు దగ్గర ఆగాను. చివరిసారి ఆయన విప్పకుండా వదిలిపోయిన మోకు మొదట్లోనే చుట్టి ఉంది. గాలి లేదు. అలవాటు కొద్దీ ఆయన కుడి చెవి ఉండే వైపుకు పోయి నిలబడ్డాను.

"ఊకున్నయ్ మామా," అన్నాను. "ఎక్కు."

మోకు నేల మీదే, ఒక మనిషి నడుమంత గుండ్రంగా తెరుచుకుని ఉంది.