త్రిశూలి లోయలో అమ్మ రూపాయి

తొంభైల చివర్లో, ఉద్యోగంలో చేరిన ఏడాది, అమ్మను నేపాల్ యాత్రకు తీసుకువెళ్ళాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని; పశుపతినాథుణ్ణి చూపించి తీరాలని పట్టుబట్టినదీ నేనే.

"కొండ మొహం చూసినది కాదురా మీ అమ్మ. ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురా," అన్నారు నాన్నగారు.

రావులపాలెంలో బయలుదేరిన మా యాత్రా బస్సు పైకప్పు నిండా బియ్యం బస్తాలు, వంట గుండిగలు. సరిహద్దు దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక ఎడమ కిటికీలోంచి చూస్తే రోడ్డు అంచే కనబడలేదు. ఎక్కడో అడుగున బూడిదరంగు నీళ్ళు. లారీ ఎదురైనప్పుడల్లా మా బస్సు ఆ అంచుకే ఒదిగేది. నేను ముందు సీటు కడ్డీ వదల్లేదు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని వక్క నములుతోంది.

ఇంతలో వంటాయన అరిచాడు: "అదేనండీ త్రిశూలి! శివుడి శూలం పోటుకి పుట్టిందంట!"

నది అన్న మాట చాలు. గోదావరి దాటుతూ చిల్లర వెయ్యకుండా కూర్చునేవారు మా వైపు లేరు. కుడివైపు వారందరూ ఒక్కసారిగా లేచి ఎడమ కిటికీల మీద పడ్డారు.

"కాస్త జరగండమ్మా, నన్నూ వెయ్యనివ్వండి!"

పైనున్న బరువుతో సహా బస్సు లోయవైపు ఒరిగింది. కాళ్ళ కింద ఏదో కిర్రుమంది.

"కూర్చోండి బాబూ! ఇది రాజమండ్రి బ్రిడ్జి కాదండీ, అందరం పోతామండీ!" డ్రైవరు గొంతు చీరుకుపోయింది.

రూపాయి పట్టుకుని లేవబోతున్న అమ్మ మణికట్టును బిగించి పట్టుకున్నాను. నాన్నగారికి ఏమని చెప్పాలి అన్న ఆలోచన తప్ప మరేదీ తోచలేదు. ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. బస్సు మెల్లగా నిలదొక్కుకుంది.

"వదలరా, గాజులు గుచ్చుకుంటన్నాయి," అంది అమ్మ. రూపాయి ఆమె గుప్పిట్లోనే ఉంది.

తిరుగు ప్రయాణంలో మేము కొండవైపే వచ్చాము. అయినా ఆ లోయ దాటేవరకు ఆమె చెయ్యి వదలలేకపోయాను.

చివరికి జొన్నాడ దాటి, గోదావరి పాయ గౌతమి మీది వంతెన ఎక్కాము. అందరూ కిటికీల దగ్గరకు లేచారు. నా చేతులు వాటంతటవే కడ్డీని వెతుక్కున్నాయి. అమ్మ కొంగుముడి విప్పి ఆ రూపాయే తీసింది.

"నువ్వు అటుపక్కన కూర్చో నాన్నా. బస్సు ఒరిగిపోద్ది," అంది నవ్వుతూ.

నేను నిజంగానే వెళ్ళి అటుపక్కన కూర్చున్నాను.