రోము నగరానికి మృగశిర కార్తె

1974 జూన్ 9, ఆదివారం. విజయవాడ, గవర్నర్‌పేట, అచ్చాపీసు మీది గది. హాజరైనవారు: నేను, నాతో గదిలో ఉండే స్నేహితుడు ‘సెనేటు’, కంకిపాడు నుంచి వచ్చిన మా పెదనాన్న. (ఎండ కూడా హాజరే అని డైరీలో రాసుకున్నాను. చమత్కారం అనుకున్నాను కాబోలు.)

ఆ రోజుల్లో నాకు నిన్న ఏం జరిగిందో డైరీ చూస్తే గాని తెలిసేది కాదు; రెండువేల ఏళ్ళ కిందట రోములో ఏం జరిగిందో మాత్రం చూడకుండా చెప్పగలిగేవాణ్ణి. బి.ఎ. అయ్యాక బ్యాంకు పరీక్షకి చదువుతానని పెదనాన్నకి మాటిచ్చి ఆ గదిలో దిగాను. మధ్యాహ్నాలు కింద మిషను జోలపాట పాడుతున్నట్టు ఒకే చప్పుడు చేసేది. కిటికీ అవతల, ఇంకా నీళ్ళు వదలని కాలవ ఎండకి తెల్లగా మెరిసేది. దాన్ని చూస్తూ కూర్చుంటే కాసేపటికి అందులో ఓడలు కనిపించేవి. అలా పుట్టింది మా రోము ఆట. పాత క్యాలెండరు వెనక మధ్యధరా సముద్రం గీశాను. చింతపిక్కలు సైన్యాలు, రోముకి మామూలువి, దాని శత్రువు కార్తేజికి ఒక పక్క అరగదీసినవి. అయిదేళ్ళు ఒక వంతు, మొత్తం నలభై అయిదు వంతులు, వంతుకొక సంఘటన చీటీ. అచ్చాపీసులో మిగిలిపోయిన శుభలేఖల వెనక చీటీలు రాశాను. (అందువల్ల కార్తేజి సేనాని హానిబాల్ ఏనుగులతో ఆల్ప్స్ కొండలు దాటే చీటీ తిరగేస్తే ‘సకుటుంబంగా విచ్చేసి’ అని పసుపు అంచుతో ఉండేది.) చరిత్ర చరిత్రలాగే జరగాలని నా పట్టు. పదో వంతులో హానిబాల్, నలభై అయిదో వంతులో సీజర్ హత్య. ఒక్క చీటీ అటూ ఇటూ కాకూడదు. “ఏ వంతులో ఏమొస్తుందో నీకు కంఠతా వచ్చు. ఇక నీతో ఆడేదేమిట్రా, దణ్ణం పెట్టి కూర్చోడం తప్ప?” అని నా స్నేహితుడు నెల్లాళ్ళుగా గొణుగుతున్నాడు. రోము పెద్దల సభలాగే దేనికీ ఒక పట్టాన ఒప్పుకోడు కనకే వాడికి సెనేటు అని పేరు పెట్టాను.

ఆ ఆదివారం పొద్దున పెదనాన్న చెప్పాపెట్టకుండా వచ్చారు. మీవాడు చదవడం మానేసి బొమ్మలేసుకుంటున్నాడని ఎవరో ఊళ్ళో చెప్పారట. నేలంతా పరిచిన సముద్రాన్నీ, మూలన దుమ్ముపట్టిన పరీక్ష పుస్తకాల్నీ ఒకసారి చూసి, “పెట్టె సర్దు. నారుమడి దగ్గర మనిషి కావాలి” అన్నారు. పరీక్ష ఆరు వారాల్లో ఉంది. ఊరికి వెళ్తే ఇక పుస్తకం పట్టుకునేది లేదని నాకు తెలుసు. సెనేటే అడ్డం పడ్డాడు. “ఈ ఎండలో ఎక్కడికి వెళ్తారండీ? ఒక్క ఆట ఆడండి. మీవాడు గెలిస్తే ఉంటాడు, ఓడితే మీ వెంట వస్తాడు.” పెదనాన్న చెప్పులు విప్పి, “ఏదీ, నా పిక్కలేవి?” అన్నారు. పెదనాన్నది కార్తేజి. (చరిత్రలో కార్తేజి సగం దారిలోనే నాశనమవుతుంది. ఆటలో గెలుస్తూ ఉంటే మాత్రం ఉండనిచ్చేవాణ్ణి. నా దయ అంతవరకే.)

తొమ్మిదో వంతులో నేను పిక్కలన్నీ ఆల్ప్స్ కిందికి జరిపాను. పదో వంతులో హానిబాల్ వచ్చాడు, వచ్చినవాడు వచ్చినట్టే పోయాడు. పెదనాన్న చెయ్యి ఆపారు. “వాడు వస్తున్నాడని నీకెవడు కబురు పెట్టాడ్రా?”

“పుస్తకంలో ఉంది పెదనాన్నా.”

“చీటీలు నువ్వే రాసి, వరసా నువ్వే పెట్టి, గెలుపూ నీదేనా? మా పంచాయతీ ఎన్నికల్లో కూడా ఇంత లేదు!” అని కట్ట లాక్కుని పేకముక్కల్లా కలిపేశారు. రెండో ఆట మూడో వంతులోనే సీజర్ హత్య చీటీ బయటపడింది.

“ఎవడ్రా ఈ సీజరు?”

“ఇంకా పుట్టలేదు.”

“పుట్టకముందే చంపేశారా? ఏ ఊరివాళ్ళురా బాబూ!”

సెనేటు నేలమీద పడి దొర్లుతూ నవ్వుతున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పెదనాన్న మాత్రం నవ్వలేదు. ఒక పిక్క వేళ్ళ మధ్య తిప్పుతూ, కాలవ వైపు చూస్తూ, “నిన్న మృగశిర వచ్చింది. ఈ కార్తెలో తొలకరి పడుతుందని నాకూ తెలుసు. ఏ పూట పడుతుందో తెలిస్తే నేనింకా దుక్కి దున్నుతానా? అలాగని మాఘమాసంలో పడమంటే పడుతుందా? నీ రోముకి కార్తెలు కట్టరా. ఏ కార్తెలో సంగతి ఆ కార్తెలోనే రావాలి. లోపల మాత్రం కలిపెయ్యి” అన్నారు.

నలభై అయిదు చీటీల్ని అయిదేసి చొప్పున తొమ్మిది కార్తెలు చేసి, పందెం ఆట మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. హానిబాల్ రెండో కార్తెలో పడ్డాడు. ఆరో వంతు నుంచే ఆల్ప్స్ దగ్గర కాపలా పెట్టాను. రాలేదు. ఏడులోనూ రాలేదు. ఈలోగా పెదనాన్న ఓడలు నింపాదిగా సిసిలీలో దిగుతున్నాయి. ఎనిమిదో వంతులో ఇక ఆగలేక పిక్కల్ని దక్షిణానికి పిలిచాను. తొమ్మిదో వంతులో ఏనుగులు దిగాయి. నేను రాసిన చీటీకి నాకే గుండె దడదడలాడటం అదే మొదటిసారి. ఓడిపోతున్నాననీ, ఓడితే ఊరికి పోవాలనీ తెలుసు. అయినా ఆ ఆట ఎప్పటికీ అయిపోకూడదనిపించింది. సాయంత్రానికి రోము పడిపోయింది. అప్పుడే బయట మబ్బు కమ్మి, వేడి రోడ్ల మీద మొదటి చినుకుల వాసన లేచింది. ముగ్గురం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాం. వాన తగ్గకపోవడంతో పెదనాన్న ఆ పూట గదిలోనే చాప వేసుకున్నారు. నేను పెట్టె సర్దుకున్నాను.

మర్నాడు ఉదయం వాన వెలిసింది. నారు పోసుకోవాలని పెదనాన్న తొలి బస్సుకే బయల్దేరారు. నేను పెట్టె మోసుకుంటూ వెనకాలే మెట్లు దిగాను.

“అదెందుకు?” అన్నారు.

“ఓడిపోయాను కదా.”

“ఓడింది రోము. అది వస్తుంది నాతో. నువ్వు పైకెళ్ళి చదువుకో. పరీక్ష రాశాక వచ్చి విడిపించుకో.”

చూస్తే క్యాలెండరు చుట్ట అప్పటికే చంకలో ఉంది, చీటీలూ పిక్కలూ కండువాలో మూట కట్టి ఉన్నాయి. “బతికిపోయావురా!” అని సెనేటు నా వీపు మీద చరిచాడు. బతికిపోయిన మాట నిజమే. కాని ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు, తడి రోడ్డు మీద పెట్టె పట్టుకుని నిలబడి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు వాడి భుజం తట్టి ఏదైనా మంచిమాట చెప్పాలనిపిస్తుంది. వాడు వినేలా లేడు. మలుపు తిరుగుతున్న బస్సు వైపే చూస్తూ, కంకిపాడులో ఈ వారం పెదనాన్నకి ఎదురుగా కూర్చుని ఆడబోయేవాడెవడో గాని, వాడిమీద అసూయతో ఉడికిపోతున్నాడు.