సింహళం సుంకం, మా మామ ముతక గుడ్డ

బడికీ నాకూ పొత్తు కుదరక నాలుగో క్లాసులోనే విడిపోయాం. అందుకే నేను వ్యాపారానికి పనికొస్తానని మా మామ తీర్మానించాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. సత్రపట్టి మగ్గాల మీద నేయించిన ఎర్రంచు తుండ్లు మూట కట్టుకుని ఇద్దరం సింహళానికి బయల్దేరాం. కొలంబోలో ఒక కొట్టాయన ధర ముందే చెప్పేశాడు. ఈ మూట ఆ ధరకు అందితే నెలనెలా కొంటాడు. లేకపోతే లేదు.

దానికి అడ్డం సింహళం సుంకం. పైదేశపు గుడ్డ అక్కడ దిగగానే విలువ కట్టి, అందులో ఒక పాలు పుచ్చుకుంటారు. గుడ్డ ఎంత మంచిదైతే శిక్ష అంత పెద్దది. ఇంత న్యాయమైన ఏర్పాటు మా మామకు అర్థం కావాలని రాజపాళయం నుంచి ధనుష్కోటి దాకా రైల్లో పాఠం చెప్పాను.

"మామా, ముతక గుడ్డ అని చెప్పు. వేరే మాటే వద్దు."

"సరిరా. నేనేమి చిన్నబిడ్డనా?"

"ఏదీ, ఒకతూరి చెప్పు, చూస్తాను."

"ము... తక" అన్నాడు మామ, వేపాకు నమిలినట్టు.

ఓడ దిగాక సుంకం అధికారి మూట విప్పించాడు. చీటీలో మేం రాసిన ధర చూశాడు. ఒక తుండు వెలుతురుకు పట్టి, "ఇంత చవకా? కాళ్లు తుడుచుకునే గుడ్డా ఇది?" అని తమిళంలో అడిగాడు.

దేవుడే దిగివచ్చి మా తరఫున మాట్లాడినట్టుంది. అవునంటే చాలు. నేను మామ కాలు తొక్కాను. మామ మీసం అప్పటికే పైకి లేచిపోయింది.

"ఏమి మాట అంటివయ్యా! మా ఊర్లో పెండ్లికొడుకు భుజాన వేసే తుండు ఇది! రంగు పోతే నా మీసం తీయించేస్తాను!"

అధికారి ఎంతో మర్యాదగా తల ఊపి, మా ధర కొట్టేసి, పెండ్లికొడుక్కు తగిన విలువ రాసుకున్నాడు.

ఆ సుంకంతో మా ధర కొట్టాయన చెప్పినదాన్ని దాటిపోయింది. ఈ ఒక్క మూటతో చాలు, మళ్లీ రావద్దన్నాడాయన.

తిరుగు ఓడలో అడిగాను. "అవును అని ఒక్క మాట అనింటే ఏమి పోయింది మామా?"

"అనేసి, నేసినవాళ్ల ముఖం ఎట్ల చూసేదిరా?"

"ఇప్పుడు పనిలేక ఊరికే కూర్చుంటారు. తీరికగా చూడు."

సత్రపట్టిలో మామ సుంకం చీటీ తీసి అందరికీ చూపించాడు. "చూడండి! మీ గుడ్డ ఇంత విలువ అని సింహళం సర్కారే రాసిచ్చినాది!"

చీటీ చేతులు మారింది. అందరూ సంతోషించారు. ఒక ముసలి నేతగాడు మాత్రం, "రెండో మూట ఎప్పుడు సామీ?" అన్నాడు.

మామ భుజం మీది తుండుతో ముఖం తుడుచుకున్నాడు. రంగైతే పోలేదు.