నర్సయ్య పథ్యం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, రంజాన్‌కు ముందు నెలలో నన్ను దోహా నుంచి అల్ రువైస్ దగ్గరి ఒక కంపెనీ క్యాంపు క్లినిక్‌కు ఫార్మసిస్టుగా వేశారు. మాత్రలివ్వడమే కాక, రోగి అప్పటికే ఏమేం మందులు వాడుతున్నాడో అడిగి చీటీలో రాయడం నా డ్యూటీ. డాక్టరు ఆ చీటీ చూశాకే వైద్యం మొదలుపెట్టేవారు. తెలుగువాళ్ళ దగ్గర నాకు తెలియని గుట్టు ఉండదని నాకో గర్వం కూడా ఉండేది.

ఊరి నుంచి సెలవు ముగించుకుని వచ్చిన నర్సయ్య అనే జగిత్యాల మేస్త్రీ కడుపు నొప్పితో వచ్చాడు. మందులేమైనా వాడుతున్నావా అంటే, "ఏం వాడ్తలేను సార్" అన్నాడు. 'ఏవీ లేవు' అని రాసి సంతకం పెట్టాను. మూడోసారి మెలికలు తిరుగుతూ వచ్చేసరికి అపెండిక్స్ అనుమానంతో, నా చీటీ జతచేసి పెద్దాసుపత్రికి పంపారు. స్కానులో స్పష్టంగా తేలకపోయినా, మర్నాడు కోసి చూద్దామన్నారు అక్కడి సర్జన్. కోత పడితే బరువులెత్తలేనని, కంపెనీ ఇంటికి పంపేస్తుందని నర్సయ్య బెంగ.

అతని బట్టలు తీసుకెళ్దామని క్యాంపుకు వెళ్తే మెస్‌లో కడప వంటమనిషి విసుక్కున్నాడు: "నెలనాళ్ళుగా ఆయప్పకు వంకాయ వద్దు, పులుపు వద్దు. బాలింతకు వండినట్టు వండాల్సొస్తాంది సార్!"

ఓరి నా తెలివి తెల్లారా! మందు లేకుండా పథ్యమెక్కడిది?

ఆసుపత్రిలో ఈసారి మందు ఊసెత్తలేదు. ఏం పథ్యం పడుతున్నావని అడిగాను. గడగడా చెప్పేశాడు. మరి మందు సంగతి దాచావేమయ్యా అంటే, "ఎవ్వలకన్న చెప్తే గుణం పోతదని వైద్యుడు ఒట్టేయించుకున్నడు సార్. పథ్యానికి ఒట్టు లేదు" అన్నాడు.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. వాళ్ళ ఊరి నాటువైద్యుడికి ఫోన్ చేయించాను. ఆపరేషన్ మాట వినగానే ఆయన దిగొచ్చాడు. నడుం నొప్పికి ఇచ్చిన పొడి అట, తాతముత్తాతల తాటాకుల్లోదట. నెమలీక బూడిద, కాల్చిన నత్తగుల్లలు, గోరోచనం, పాము కుబుసం. నిజం చెప్పొద్దూ, ఒక్కోటీ వింటుంటే భలే ఆసక్తిగా ఉంది. కుబుసం దగ్గర దొంగ దొరికాడనే అనుకున్నాను. ఆఖర్న ఉప్పూ కారం చెప్పినంత మామూలుగా, "గింత నాగభస్మం" అన్నాడు.

నాగమంటే సీసం. దాన్ని కాల్చి చేసిన పొడి అది. సీసం ఒంట్లో చేరితే పేగులు పట్టేసి, అచ్చం అపెండిక్స్‌లాగే నొప్పి రావచ్చు. నర్సయ్య పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళ అంచున నీలిగీత ఉంది. పరుగున వెళ్ళి సర్జన్‌కు చెప్పాను. రక్తపరీక్షలో సీసం తేలింది, ఆపరేషన్ ఆగింది. పొడి మాన్పించి, సీసాన్ని బయటికి లాగే మందు ఎక్కించారు. కొన్ని వారాలకు నర్సయ్య మళ్ళీ తాపీ పట్టాడు.

ఆసుపత్రి ఫైలులో నా చీటీ మాత్రం అలాగే ఉండిపోయింది. 'ఏవీ లేవు', కింద నా సంతకం. దాన్ని నమ్మబట్టే అక్కడి డాక్టర్లు కత్తి పట్టబోయారు. అప్పటి నుంచి నిరుడు రిటైరయ్యేదాకా, ప్రతి చీటీలో మందుల గడికి పైన నా చేత్తో ఇంకో గడి గీసి ముందు అదే అడిగేవాణ్ణి: ఏం తినడం మానేశావు?