అంటించిన చివరి పేజీలు

ఒక కథ చివర ఏమైందో ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను, మా నాన్నగారు ఒక్కసారీ జవాబు చెప్పలేదు. నిన్న మా అమ్మాయి పుస్తకాలకు అట్టలు వేస్తుంటే, ఉడికించిన మైదా జిగురు వాసనకు ఆ కోపం మళ్లీ రేగింది.

తణుకు దగ్గర మా ఊళ్లో నాన్నగారు నా కథల పుస్తకాలు ముందు తాను చదివి, తర్వాతే నాకు ఇచ్చేవారు. వరదకు కాలువలో కొట్టుకుపోయిన బాతుపిల్ల కథలో చివరి రెండు పేజీలను అలాంటి మైదా జిగురుతోనే అంటించేశారు.

"బాతుపిల్ల ఏమైందండీ?" అన్నాను.

"ఆ రాసినాయన కాలువ మొహం చూసుండడు. చివరంతా అబద్ధం. అక్కడిదాకా చదివావుగా, చాల్లే."

విప్పబోతే పేజీలు చిరిగిపోయాయి. బాతుపిల్ల ఇంకా మా కాలువలోనే ఉందనుకుని, వారం రోజులు జేబులో నూకలు పోసుకెళ్లి లాకుల దగ్గర కూర్చుని పిలిచాను. పదో తరగతి అయ్యేదాకా ఊరంతా నన్ను "ఒరేయ్ బాతుగా!" అనే పిలిచింది. నాన్నగారూ నవ్వారు.

నిన్న చివరి పేజీలు చిరిగిన అదే పాత పుస్తకం చదువుతూ మా అమ్మాయి ఏడిస్తే, నాన్నగారు ఒళ్లో కూర్చోబెట్టుకుని, "తిరిగొచ్చేస్తుందమ్మా, వాళ్లమ్మ దగ్గరికే" అన్నారు.

నాన్నగారూ, మీరు సగం చదివిన డిటెక్టివ్ నవల చివరి పేజీలు ఇవాళ పొద్దున్నే అంటించాను. జిగురు ఇంకా ఆరలేదు. ఆ మాట నాకెందుకు చెప్పలేదో ముందు చెప్పండి.